ఆటపెట్టెకు వేరే తాళంచెవి

వీధి తలుపుకు ఒక తాళం, బీరువాకు ఒక తాళం, ధాన్యం కొట్టుకు మరొకటి వేసి, ఆ చెవులన్నిటినీ గుత్తిగా కట్టి ఇల్లాలు బొడ్లో దోపుకోవడం తెలుగు ఇళ్లకు తరతరాల అలవాటు. ఒక చెవి పోయినంత మాత్రాన తక్కిన తలుపులు తెరుచుకోకూడదన్న లెక్క ఆ అలవాటు వెనుక ఉన్నది. అవే ఇళ్లు ఇంటర్నెట్ దగ్గరకు వచ్చేసరికి ఈమెయిలుకు, బ్యాంకు ఖాతాకు, వైఫైకి, పిల్లల ఆటకు ఒకే పాస్‌వర్డును వాడుకొంటున్నాయి; అంటే గుత్తి పోయి ఒక్క చెవే మిగిలింది, ఆ ఒక్క చెవినీ తెచ్చి పిల్లవాడి గేమ్ కన్సోల్‌కు తగిలిస్తున్నారు.

గేమ్ కన్సోల్ అంటే టీవీకి కలిపి ఆటలాడుకోవడానికే తయారుచేసిన కంప్యూటరు. సోనీ వారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్, నింటెండో వారి స్విచ్ ఈ కోవలో పేరుపడినవి. ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు ఒకదాన్నొకటి ఒరుసుకొని ఉండే గుంటూరు బ్రాడీపేట వంటి చోట ఈ పెట్టెలు కొన్ని దుకాణం నుంచి వస్తాయి, కొన్ని అమెరికాలో ఉన్న మేనమామో బాబాయో సెలవులకు వస్తూ తెచ్చే కానుకలుగా వస్తాయి, మరికొన్ని ఒకరు ఆడి విసిగి అమ్మేస్తే రెండో చేతికి వస్తాయి. ఇంట్లో ఇంటర్నెట్ ఉండడం ఇప్పుడు వింత కాదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించినప్పుడు టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పెట్టె వచ్చిన సాయంత్రమే పిల్లలు ఆడాలంటారు, పెద్దలకు ఆ తెరమీద వచ్చే ప్రశ్నలు చదివే ఓపిక ఉండదు. కన్సోల్ వైఫై పాస్‌వర్డు అడుగుతుంది, ఈమెయిలు అడుగుతుంది, కొత్త ఖాతాకు పాస్‌వర్డు అడుగుతుంది, చివరకు డబ్బు కట్టే దారి కూడా అడుగుతుంది. ఆ అరగంట తొందరలో ఇంటి రహస్యాలన్నీ ఒక ఆటవస్తువులో చేరిపోతాయి.

పిల్లల ఆట కోసం ఇల్లు మొత్తం తన భద్రతను తగ్గించుకోవలసి వచ్చిన ఉదంతం ఒకటి నిజంగానే ఉన్నది. నింటెండో కంపెనీ 2004 చివర విడుదల చేసి, ప్రపంచమంతటా 15 కోట్లకు పైగా అమ్మిన డీఎస్ అనే చేతి ఆటపెట్టె వైఫైకి కలిసేది గాని, అసలు రక్షణ లేని వైఫైకో, లేకపోతే ‘వెప్’ అనే పాత తరహా రక్షణ గల వైఫైకో మాత్రమే కలిసేది. గాలిలో పోయే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కలగాపులగం చేయడానికి 1990ల చివర వచ్చిన ఈ వెప్ పద్ధతిలో పెద్ద లోపం ఉన్నదని, ఓపికగా వింటూ కూర్చుంటే తాళంచెవిని రాబట్టవచ్చునని ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు గూఢలిపి శాస్త్రజ్ఞులు 2001లోనే చూపారు. 2007 నాటికి జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు ఆ పనిని నిమిషం లోపలికి దించారు. అంతకంటె గట్టి పద్ధతులైన డబ్ల్యూపీఏ 2003లో, డబ్ల్యూపీఏ2 2004లో వచ్చి ఉన్నా, డీఎస్‌ను ఇంటర్నెట్‌కు కలపాలనుకొన్న తల్లిదండ్రులు రౌటర్‌ను, అంటే ఇంటర్నెట్‌ను ఇంట్లో అన్ని పరికరాలకూ పంచే పెట్టెను, తిరిగి పాత వెప్‌కు మార్చవలసి వచ్చేది. పిల్లవాడి ఆట ఒక్కటే కాదు, తండ్రి ఆఫీసు ఉత్తరాలు కూడా ఆ బలహీనమైన గాలిలోనే ప్రయాణం చేసేవి. ఆ రోజుల్లో చాలా వెబ్‌సైట్లు పాస్‌వర్డులను తెరిచిన పోస్టుకార్డులాగానే పంపేవి కనుక, పక్కింటి కంప్యూటరు వాటిని చదవగలిగేది.

ఇప్పటి కన్సోళ్లకు ఆ అవస్థ లేదు, వెబ్‌సైట్లు కూడా పాస్‌వర్డులను గూఢలిపిలోనే పంపుతున్నాయి. అయితే సాంకేతికత పూడ్చిన గుంటను మనుషులే మళ్లీ తవ్వుతున్నారు. రౌటర్ బిగించడానికి వచ్చిన కుర్రవాడు ‘పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు’ అని అడిగితే, గుర్తుండిపోతుందని ఇంటి యజమాని తన మొబైల్ నంబరు చెప్పడం మన ఊళ్లలో సర్వసాధారణం. బ్రాడీపేటలో ఆ నంబరు గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు మీద ఉండవచ్చు, డాక్టరు గారి నేమ్‌ప్లేటు మీద ఉండవచ్చు, హాస్టలు గోడ మీద రంగుతో రాసి ఉండవచ్చు. ఎక్కడా రాసి లేకపోయినా పెద్ద అడ్డంకి కాదు. డబ్ల్యూపీఏ2 వైఫైలో ఒక పరికరం చేరేటప్పుడు రౌటర్‌కూ దానికీ జరిగే పలకరింపును వీధిలోంచి పట్టుకొని, తరువాత తీరిగ్గా ఇంట్లో కూర్చుని పాస్‌వర్డును ఒక్కొక్కటే ఊహించి సరిచూసుకోవచ్చు. మన దేశపు మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి గనుక సాధ్యమయ్యే నంబర్లు 400 కోట్లు. సెకనుకు పది లక్షల ఊహలు చేయగల గ్రాఫిక్స్ కార్డుకు ఆ లెక్క మొత్తం 4,000 సెకన్ల పని, అంటే గంటకు కొద్దిగా పైన. ఆ గ్రాఫిక్స్ కార్డు అన్నది కంప్యూటరులో ఆటల బొమ్మలు చకచకా కదలడానికి కొనుక్కొనే విడిభాగమే కావడం ఇందులోని వింత.

అదే కార్డు ముందు మరో రకం పాస్‌వర్డును పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఏడువేల పైచిలుకు మాటల పట్టికలోంచి పాచికలు వేసి కొన్ని మాటలను ఎంచి, వాటిని వరుసగా కూర్చి పాస్‌వర్డుగా వాడే ‘డైస్‌వేర్’ పద్ధతి ఒకటి 1995 నుంచి వాడుకలో ఉన్నది. ఐదు పాచికలు వేస్తే వచ్చే 7,776 ఫలితాలకు 7,776 మాటలు. అలా నాలుగు మాటలు తీస్తే వచ్చే కలయికలన్నిటినీ సెకనుకు పది లక్షల చొప్పున వెతకడానికి పట్టే కాలం సుమారు 116 సంవత్సరాలు. కట్నాల చదివింపుల్లో వినిపించే నూటపదహారు ఇక్కడ తటస్థపడడం కేవలం అంకెల చమత్కారమే గాని, గుర్తుపెట్టుకోవడానికి పనికివస్తుంది. తెలుగు ఇంటికి పాచికలు, ఇంగ్లీషు పట్టిక అక్కరలేదు. ఒక తెలుగు నిఘంటువును కళ్లు మూసుకొని నాలుగు చోట్ల తెరిచి, వేలు పడిన మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొంటే చాలు. పిల్లలకు ఇది ఒక ఆట కూడా అవుతుంది. నిచ్చెన, కందిరీగ, కవ్వం, ఉత్తరాషాఢ అన్న వరుస అలాంటిది, అచ్చులోకి వచ్చింది గనుక ఇది ఇక ఎవరికీ పనికిరాదు. మాటలు చీటీ తీసినట్టు రావాలి తప్ప ఇష్టం కొద్దీ ఎంచుకోకూడదు, ఎందుకంటే ఇష్టానికి వదిలేస్తే గుంటూరులో సగం ఇళ్ల పాస్‌వర్డు గోంగూరతోనే మొదలవుతుంది.

వైఫై పాస్‌వర్డు వేరు, రౌటర్ పాస్‌వర్డు వేరు అన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. మొదటిది ఇంటర్నెట్ వాడుకోవడానికి, రెండోది రౌటర్ అమరికలను మార్చడానికి. కొన్ని రౌటర్లలో రెండోది కంపెనీ పెట్టిన ‘అడ్మిన్’ అన్న మాటగానే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. దాన్ని మార్చడం బిగించిన రోజునే చేయవలసిన పని. మీట నొక్కితేనో ఎనిమిదంకెల పిన్ కొడితేనో పరికరాన్ని కలిపేసే ‘డబ్ల్యూపీఎస్’ అనే సౌకర్యాన్ని కూడా ఆపివేయడం మేలు. రౌటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి పది కోట్ల ఊహలు అవసరమనుకొన్న చోట 11,000 ఊహలే చాలునని 2011 చివర స్టెఫాన్ ఫీబ్యోక్ అనే పరిశోధకుడు బయటపెట్టాడు.

అన్నిటికన్నా ఉపయోగపడే అమరిక మరొకటి ఉన్నది. ఇప్పటి రౌటర్లలో చాలావాటికి ‘గెస్ట్ నెట్‌వర్క్’ అనే రెండో వైఫైని, వేరే పేరుతో, వేరే పాస్‌వర్డుతో నడిపే వీలున్నది. పాత తెలుగు ఇంటి అరుగు ఎటువంటిదో ఇది అటువంటిది. అరుగు మీద కూర్చున్నవారికి మంచినీళ్లు అందుతాయి, వంటింట్లోకి మాత్రం దారి ఉండదు. కన్సోల్‌ను, దానితోపాటు ఆడడానికి వచ్చే స్నేహితుల ఫోన్లను ఈ అరుగు మీద కూర్చోబెడితే, వాటికి ఇంటర్నెట్ దొరుకుతుంది గాని తండ్రి లాప్‌టాప్, తల్లి ఫోను ఉన్న లోపలి వైఫై జోలికి అవి రాలేవు. పిల్లవాడు తరగతిలో పదిమందికి చెప్పే పాస్‌వర్డు అరుగుదే అయితే, నెలకొకసారి దాన్ని మార్చినా ఇంట్లో మరే పరికరానికీ ఇబ్బంది ఉండదు. దూరాన ఉన్నవారితో కలిసి ఆడేటప్పుడు కన్సోల్ కోరిక మీద రౌటర్ తనంతట తానే బయటి నుంచి ఒక ద్వారం తెరిచే ‘యూపీఎన్‌పీ’ అనే ఏర్పాటు గురించి కొందరు భయపెడతారు. ఆ ద్వారాన్ని ఇంటి చిరునామాతో పోల్చి చూడవచ్చు. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని మనిషి మలుపు దాకా వస్తాడు, ఆపైన ఏ గడప తొక్కాలో వేరే చెప్పాలి. ఇంటర్నెట్‌లో ఆ గడపలను ‘పోర్టు’లంటారు, యూపీఎన్‌పీ తెరిచేది అలాంటి గడపనే. రౌటర్‌కూ కన్సోల్‌కూ కంపెనీలు పంపే అప్‌డేట్లను ఎప్పటికప్పుడు వేసుకొనే ఇంటికి దానివల్ల వచ్చే ముప్పు, ఇకముందు చెప్పబోయే వాటితో పోలిస్తే చిన్నది.

అసలు ముప్పు గాలిలోంచి ఖాతాలోకి మారింది. కన్సోల్‌లో ఆడాలంటే ఆ కంపెనీ దగ్గర ఒక ఖాతా తెరవాలి, ఖాతాకు ఈమెయిలు కావాలి, పిల్లవాడికి ఈమెయిలు ఉండదు కనుక తల్లిదో తండ్రిదో ఇస్తారు. తరువాత పాస్‌వర్డు. చేతిలో కీబోర్డు ఉండదు. టీవీ తెరమీద అక్షరాల పట్టిక కనిపిస్తే, కంట్రోలర్‌తో ఒక్కొక్క అక్షరం దగ్గరకు జరుపుకొంటూ పోయి నొక్కాలి. ఈ శ్రమ వల్ల పాస్‌వర్డు చిన్నదవుతుంది, ఇదివరకు నోటికి వచ్చిన పాతదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పైగా నలభై అంగుళాల టీవీ మీద మెరుస్తూ కదిలే అక్షరాలను హాలులో కూర్చున్న వాళ్లందరూ చదువుతారు. చుక్కలుగా కనిపించేది పైన ఉన్న గడి మాత్రమే. ఏటీఎంలో పిన్ కొట్టేటప్పుడు చేయి అడ్డుపెట్టుకొనే మనిషి ఇక్కడ పాస్‌వర్డును ఇంటిల్లిపాదికీ, ఆడడానికి వచ్చిన పక్కింటి పిల్లలకూ ప్రదర్శించినట్టవుతుంది.

ఆ పాస్‌వర్డు కంపెనీ దగ్గర ఎలా నిలవ ఉంటుందో తెలిస్తే, ఒకే పాస్‌వర్డును పది చోట్ల వాడడం ఎందుకు తప్పో తెలుస్తుంది. పద్ధతి గల కంపెనీలు పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచవు. దానిని ‘హ్యాష్’ చేసి దాస్తాయి. హ్యాష్ అంటే మిరపకాయను కారం పట్టించడం వంటిది. కాయను కారం చేయవచ్చు గాని కారాన్ని తిరిగి కాయ చేయలేము. వాడుకరి వచ్చి పాస్‌వర్డు చెప్పినప్పుడు కంపెనీ దాన్ని కూడా అదే మరలో వేసి, వచ్చిన కారం తన సీసాలో ఉన్న కారంతో సరిపోయిందో లేదో చూస్తుంది. దొంగ సీసా ఎత్తుకుపోయినా అందులో కాయ దొరకదు. కాని దొంగకు కూడా మర ఉన్నది. లోకంలో ఎక్కువమంది వాడే కొన్ని కోట్ల పాస్‌వర్డులను ముందే కారం పట్టించి వరుసగా సీసాల్లో పెట్టుకొని, ఎత్తుకొచ్చిన కారాన్ని వాటితో పోల్చి చూస్తాడు. తేజ కాయో, బ్యాడిగ కాయో మిర్చి యార్డు మనిషి రంగు చూసి చెప్పినట్టు, పాస్‌వర్డు ఏదో తేల్చేస్తాడు. దీనికి విరుగుడుగా బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ 1979లో వివరించిన ఉపాయానికి వాళ్లు పెట్టిన పేరు, యాదృచ్ఛికంగానే, ఉప్పు. మర పట్టించే ముందు ప్రతి పాస్‌వర్డులోనూ వేరువేరు ఉప్పు కలిపితే, ఇద్దరి పాస్‌వర్డు ఒకటే అయినా కారం ఒకటి కాదు. దొంగ ముందుగా నింపిపెట్టుకొన్న సీసాలు పనికిరావు, ప్రతి ఖాతాకూ పని మొదటి నుంచి చేయాలి.

పిల్లల వస్తువులు అమ్మే కంపెనీలన్నీ ఈ ఉప్పు వేయలేదు. హాంకాంగ్‌కు చెందిన వీటెక్ అనే ఆటబొమ్మల, పిల్లల టాబ్లెట్ల కంపెనీ నుంచి 2015 నవంబరులో సుమారు 48 లక్షల మంది తల్లిదండ్రుల ఖాతాల వివరాలు, 60 లక్షలకు పైగా పిల్లల వివరాలు బయటకు పోయినప్పుడు, అందులోని పాస్‌వర్డులు ఉప్పు లేకుండా, అప్పటికే పనికిరాదని తేలిన పాత మరలో పట్టించిన కారమని తేలింది. అంతకుముందు 2011 ఏప్రిల్ 17, 19 తేదీల మధ్య సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి చొరబడినవారు సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల పేర్లు, చిరునామాలు, పుట్టినతేదీలు, ఈమెయిళ్లు చేజిక్కించుకొన్నారు. సోనీ ఆ సంగతిని 26న గాని వాడుకరులకు చెప్పలేదు, నెట్‌వర్క్ మూడు వారాలకు పైగా మూతపడింది, 2013 జనవరిలో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం ఆ కంపెనీకి రెండున్నర లక్షల పౌండ్ల జరిమానా విధించింది. ఇంత పెద్ద కంపెనీల గోడలు కూలినప్పుడు గుంటూరులోని ఒక తల్లి చేయగలిగింది ఏమీ లేదు. ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే, కూలిన గోడ వెనుక దొరికిన చెవి మరే తలుపుకూ పట్టకుండా చూసుకోవడం.

దొంగలు చేసే ప్రయత్నం దీనికి సరిగ్గా ఎదురు. ఒక చోట దొరికిన ఈమెయిలు–పాస్‌వర్డు జతలను కంప్యూటరు చేత వందలాది ఇతర వెబ్‌సైట్లలో పెట్టించి చూసే పనికి ‘క్రెడెన్షియల్ స్టఫింగ్’ అని పేరు; ఊరంతటికీ ఒక గుత్తి పట్టుకొని ప్రతి గుమ్మం దగ్గరా ప్రతి చెవినీ తిప్పి చూడడమన్నమాట. కరోనా లాక్‌డౌన్‌లో పిల్లలంతా ఇళ్లలో ఆటలకు అతుక్కుపోయిన 2020 ఏప్రిల్‌లో నింటెండో లక్షా అరవై వేల ఖాతాల్లోకి పరాయివారు ప్రవేశించారని ప్రకటించి, జూన్ నాటికి ఆ సంఖ్యను మూడు లక్షలకు పెంచింది. ఆ పాస్‌వర్డులు తమ దగ్గర నుంచి పోయినవి కావని, వేరే దారుల్లో దొరికినవని కంపెనీ చెప్పింది. ఆ పరాయివారు దూరిన దారి మరీ గమనించదగినది. వీయూ, 3డీఎస్ అనే పాత కన్సోళ్ల కాలంలో పెట్టుకొన్న పాత ఖాతాను కొత్త ఖాతాకు ముడిపెట్టి ఉంచుకొన్నవారు, కొత్తదానికి ఎంత గట్టి తాళం వేసినా, పాతదాని గుండా లోపలికి దారి మిగిలింది. వాడకం మానేసిన ఆట ఖాతా అటక మీద పడేసిన సామాను వంటిది కాదు, గడియ వేయని దొడ్డి తలుపు వంటిది.

ఈ కారణాల వల్ల కన్సోల్‌ను ఇంట్లో చేర్చుకొనే తీరు మారాలి. పెద్దల ఖాతా ఒకటి, దాని కింద పిల్లవాడి ఖాతా వేరుగా ఉండే కుటుంబ ఏర్పాటు మూడు కంపెనీల దగ్గరా ఉన్నది. ఆ ఏర్పాటులో పిల్లవాడు ఎంతసేపు ఆడవచ్చు, ఎవరితో మాట్లాడవచ్చు, ఎంత ఖర్చు చేయవచ్చు అన్నవి పెద్దల ఖాతా నుంచే నిర్ణయమవుతాయి. తొందరలో పుట్టినతేదీని 1990 అని కొట్టేస్తే కంపెనీ దృష్టిలో ఆ పిల్లవాడు పెద్దమనిషి అయిపోతాడు, ఈ రక్షణలేవీ అతనికి వర్తించవు. పెద్దల ఖాతాకు ఒక చిన్న పిన్ పెట్టుకోవాలి, అది పిల్లల పుట్టినతేదీ కాకూడదు. ప్లేస్టేషన్‌లో పిల్లల మీది ఆంక్షలను మార్చే పాస్‌కోడ్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు నాలుగు సున్నాలుగా ఉంటుందని పెద్దలకు తెలియకపోయినా పిల్లలకు బాగా తెలుసు. ఆట కోసం ఒక ప్రత్యేక ఈమెయిలును తెరిచి, బ్యాంకు ఉత్తరాలు వచ్చే ఈమెయిలును కన్సోల్‌కు అసలు చూపించకుండా ఉండడం ఇందులో అన్నిటికన్నా విలువైన పని. ఏ ఖాతా పాస్‌వర్డు మరిచిపోయినా కొత్తది పెట్టుకొనే లింకు ఈమెయిలుకే వస్తుంది, ఆ ఈమెయిలు ఎవరి చేతిలో ఉంటే గుత్తి మొత్తం వారి చేతిలో ఉన్నట్టే.

తెరమీద అక్షరాలు వెతుక్కొనే బాధకు కూడా విరుగుడు వచ్చింది. కొత్త కన్సోళ్లు టీవీ మీద ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తాయి, పెద్దలు తమ ఫోనుతో దాన్ని స్కాన్ చేసి ఫోనులోనే లోపలికి ప్రవేశిస్తే కన్సోల్ తెరుచుకొంటుంది. పాస్‌వర్డు టీవీ మీదికి రానే రాదు. దీనికి పైమెట్టు ‘పాస్‌కీ’. ఇందులో పాస్‌వర్డు అన్నదే ఉండదు, రహస్యమైన చెవి ఫోనులోనే ఉండిపోయి, కంపెనీ దగ్గర దానికి సరిపోయే తాళం మాత్రమే ఉంటుంది. కంపెనీ గోదాము కొల్లగొట్టినవాడికి తాళాలే దొరుకుతాయి, చెవులు దొరకవు. నింటెండో 2023లో, సోనీ, మైక్రోసాఫ్ట్ 2024లో వాడుకరులకు దీన్ని అందుబాటులోకి తెచ్చాయి. పాస్‌కీ పెట్టుకోలేనివారు పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చే అంకెను కూడా అడిగే రెండంచెల పరీక్షనైనా పెట్టుకోవాలి. ఫోను పోతే లోపలికి వెళ్లడానికి కంపెనీ ఇచ్చే అత్యవసర కోడ్‌లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడంలో తప్పు లేదు. పాస్‌వర్డులను నోటుపుస్తకంలో రాసుకోవడం నేరమని భయపడి ఒకే పాస్‌వర్డును అన్ని చోట్లా వాడేవారికంటె, రాసుకొని తాళం వేసుకొనేవారు తెలివైనవారు. బీరువా దాకా వచ్చే దొంగ వేరు, రష్యా నుంచో బ్రెజిల్ నుంచో వచ్చే దొంగ వేరు.

ఇంత చేసినా పిల్లవాడు తనంతట తానే చెవి తీసి ఇచ్చేస్తే చేయగలిగింది తక్కువ. ఆటల్లో దుస్తులు, ఆయుధాలు కొనడానికి వాడే రోబక్స్, వీ-బక్స్ వంటి ఆట నాణేలు ఉచితమంటూ ఊరించే వెబ్‌సైట్లు అడిగేది ఖాతా పేరు, పాస్‌వర్డే. అసలు పేజీని పోలిన దొంగ పేజీతో పాస్‌వర్డు రాబట్టే ఈ పనికి ‘ఫిషింగ్’ అని పేరు, గాలం వేయడమన్నమాట. ‘ఐడీ ఇవ్వరా, లెవెల్ పెంచి ఇస్తా’ అనే స్నేహితుడిది గాలం కాకపోవచ్చు, ఫలితం మాత్రం ఒకటే. ఆ ఐడీ వెనుక తల్లి ఈమెయిలు ఉన్నదని పిల్లవాడికి ఎవరూ చెప్పి ఉండరు. చెబితే అర్థం చేసుకోలేని వయసేమీ కాదు.

డబ్బు సంగతికి వస్తే, మన దేశంలో వ్యాపారులు వాడుకరుల కార్డు నంబర్లను తమ దగ్గర దాచుకోకూడదని, బదులుగా ‘టోకెన్’ అనే మారు నంబరునే ఉంచుకోవాలని రిజర్వు బ్యాంకు చేసిన నియమం 2022 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నది. చెల్లింపుకు సాధారణంగా ఓటీపీ, అంటే ఒక్కసారికే చెల్లే అంకె కూడా కావాలి. ఈ అడ్డు లేని అమెరికాలో పిల్లలు తెలియక మీటలు నొక్కి పెద్దల కార్డుల మీద కొనుగోళ్లు చేయడం పెద్ద వివాదమై, ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి, వాడుకరులకు తిరిగి ఇవ్వడానికి 24 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నది. మన ఓటీపీ మేలైనదే గాని, అది వచ్చే ఫోను సాయంత్రమంతా ఎవరి చేతిలో ఉంటుందన్నది అసలు ప్రశ్న. మిర్చి అమ్మిన డబ్బు పడినట్టు మెసేజి వచ్చే ఫోను, యూపీఐ నడిచే ఫోను, పిల్లవాడు వీడియోలు చూసే ఫోను చాలా ఇళ్లలో ఒకటే; దాని అన్‌లాక్ గీత ఇంట్లో అందరికీ తెలుసు. కార్డును కన్సోల్‌కు కలపకుండా, ఎంత అనుకొంటే అంతకు ప్రీపెయిడ్ వోచరు కొని పిల్లవాడి ఖాతాలో వేయడం పండగకు చేతిలో పెట్టే డబ్బు వంటిది. అయిపోతే అయిపోయింది.

చట్టం కూడా ఈ వైపు కదులుతున్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి వివరాలు వాడుకొనే ముందు తల్లిదండ్రుల అంగీకారాన్ని నిర్ధారించుకోవాలని అంటున్నది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. మంచిదే, అయితే అంగీకారం ఇచ్చేది తల్లిదండ్రులేనని రుజువు కావాలంటే వారి గుర్తింపు వివరాలు కూడా పిల్లవాడి ఆటకు ముడిపడతాయి, అంటే పెద్దల ఖాతా పాస్‌వర్డు విలువ ఇంకా పెరుగుతుంది. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66సీ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. డబ్బు పోయినట్టు తెలిసిన మరుక్షణం సైబర్ నేరాల ఫిర్యాదులు తీసుకొనే 1930 నంబరుకు ఫోను చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం తగ్గిపోతుంది. డబ్బు పోకుండా ఖాతా ఒక్కటే పరాయివాడి చేతిలో పడితే, ఆట పాస్‌వర్డుకంటె ముందు ఈమెయిలు పాస్‌వర్డు మార్చాలి, తరువాత ‘అన్ని పరికరాల నుంచి సైనవుట్’ అన్న మీట నొక్కాలి. వరుస తప్పితే, మార్చిన పాస్‌వర్డును కూడా దొంగ అదే ఈమెయిలు ద్వారా మళ్లీ మార్చేస్తాడు.

ఇక మిగిలింది పాత పెట్టెల సంగతి. పదో తరగతి పరీక్షలు దగ్గరపడగానే అమ్మేసే కన్సోల్‌లో ఇంటి వైఫై పాస్‌వర్డు, తల్లి ఈమెయిలు, తెరిచి ఉన్న ఖాతా అన్నీ అలాగే ఉంటాయి. ఆటల డిస్కులు తీసేసినంత మాత్రాన అవి పోవు. అమ్మేవారు ముందుగా ఖాతాలన్నిటి నుంచి సైనవుట్ చేసి, ఆపైన సెట్టింగ్స్‌లో ఉండే ఫ్యాక్టరీ రీసెట్‌తో పెట్టెను కొత్తదానిలా తుడిచేయాలి. కొనేవారు కూడా దుకాణం వాడి మాట నమ్మకుండా ఆ పని మళ్లీ చేసుకోవాలి. తుడవకుండానే అమ్మేశామని ఇప్పుడు గుర్తొచ్చినవారు ఆ పెట్టె కోసం ఎవరి వెంటా పడనక్కరలేదు, ఈ రాత్రికే ఈమెయిలు పాస్‌వర్డు, ఆట ఖాతా పాస్‌వర్డు, వైఫై పాస్‌వర్డు ఆ వరుసలోనే మార్చుకొని, ‘అన్ని పరికరాల నుంచి సైనవుట్’ మీట కూడా నొక్కితే సరిపోతుంది.